నాలుగు మూలలా పసుపు

నర్సీపట్నంలో బేస్‌బాల్ ఆడేవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. నేనూ ఆడలేదు. అయినా పదకొండేళ్ళుగా ఆ ఆట బొమ్మలున్న స్టాంపులు, విడుదల రోజున వేసే తపాలా ముద్రలు, ఆ ముద్ర పడిన ప్రత్యేక కవర్లు పోగుచేస్తున్నాను. పాత పుస్తకాల బండి దగ్గర కొన్న అట్లాసులో ఒక జపాన్ కవరు దొరికింది. బ్యాటు ఎత్తి నిలబడ్డ ఆటగాడి మీద సగం దాకా గుండ్రటి ముద్ర. అప్పుడు పట్టిన పిచ్చి ఇది. "క్రికెట్ స్టాంపులు దొరకవా మేడమ్?" అని మా స్కూల్లో తోటి టీచర్లు అడిగినప్పుడల్లా ఒళ్ళు మండేది. దొరుకుతాయి. అందరికీ దొరుకుతాయి కాబట్టే నాకక్కర్లేదు.

మా అత్తగారు మాత్రం నా కవర్లని సిత్తుకాగితాలనే అనేది.

విశాఖపట్నంలో జరిగే స్టాంపుల ప్రదర్శనకి రెండుసార్లు దరఖాస్తు పెడితే రెండుసార్లూ తిప్పి పంపారు. మూడోసారి ఒప్పుకున్నారు. ఇరవై నాలుగు కవర్లు, వాటిని అమర్చి చూపే పదహారు షీట్లు. పంపడానికి ఆఖరి రోజు అది. సాయంత్రం నాలుగులోపు స్పీడ్ పోస్టులో పడకపోతే నా చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. స్కూలుకి సెలవు పెట్టి, కవర్లన్నీ డైనింగ్ టేబుల్ మీద వరసగా పేర్చి, షీట్లకు అమర్చే ముందు స్నానానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి అత్తగారు పసుపు గిన్నెతో టేబుల్ దగ్గర నిలబడి ఉంది. శుభలేఖలకి పెట్టినట్టు, ఇరవై నాలుగు కవర్లకీ నాలుగు మూలలా తడి పసుపు. స్టాంపు ఉండేది కుడివైపు పై మూలనే.

"తొలీసారి ఊరెల్తన్నాయి కదమ్మా. పసుపెట్టకుండా ఎలాగ పంపుతాం?" అంది నవ్వుతూ.

నేనన్న మాటలన్నీ రాయడానికి సిగ్గుగా ఉంది. "మీ చేతులు ఊరుకోవా అత్తయ్యా?" అన్నది వాటిలో మెత్తటిది. ఆవిడ గిన్నె అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

తడి దూదితో అద్దితే పసుపు ఇంకా పాకింది. విశాఖపట్నంలో నాకీ విద్య నేర్పిన పెద్దాయనకి ఫోన్ చేశాను. "నీళ్ళు తగలనివ్వకండమ్మా. పసుపుకి ఎండే మందు. రెండు రోజులు గట్టిగా కాస్తే పోవచ్చు," అన్నారు. నాకున్నవి ఐదు గంటలు. పైగా గొలుగొండ వైపు నుంచి మబ్బు పడుతోంది.

కవర్లన్నీ డాబా మీద పరిచి, గాలికి ఎగరకుండా గ్లాసులు, గిన్నెలు, ఏది దొరికితే అది పెట్టాను. దేవుడు లేడని స్టాఫ్ రూములో గంటలు గంటలు వాదించే నేను ఆ రోజు సూర్యుడికి ఎన్ని దండాలు పెట్టానో లెక్కలేదు. మబ్బు వచ్చినప్పుడల్లా లేచి నిలబడి ఆకాశం కేసి చూసేదాన్ని. పదకొండేళ్ళూ గంగలో కలిసిపోయాయని నాలో నేనే గొణుక్కున్నాను.

కాసేపటికి అత్తగారు మోకాళ్ళ నొప్పులతోనే మెట్లెక్కి వచ్చింది. నాకేసి చూడకుండా ఒక మూల కూర్చుని, కర్రతో కాకుల్ని తోలడం మొదలుపెట్టింది.

రెండున్నరకి ఆవిడ ఒక కవరు తీసి కళ్ళ దగ్గరగా పెట్టుకుంది. ఆవిడ కళ్ళకి శుక్లాలు. ఆపరేషన్ వద్దని ఏళ్ళుగా మొండికేస్తోంది.

"ఇది పోనాది. సూడమ్మా, పోనాది కదా?"

తీసుకుని చూశాను. ఆటగాడి ముఖం మీద పసుపు పొద్దున ఉన్నట్టే ఉంది. ఆవిడ కళ్ళు చికిలించి నా ముఖంలోకే చూస్తోంది. లేదని అరవాలనిపించింది.

"పోయిందత్తయ్యా."

"మరింకా కూకున్నావేటి? బేగి ఎల్లు."

పోయిందని నేనే అన్నాక పంపకుండా ఉండే దారి లేకపోయింది. కవర్లు ఒక్కొక్కటీ ఆవిడ అందిస్తుంటే షీట్లకు అమర్చాను. ఇరవై నాలుగూ మరకలతోనే వెళ్ళాయి. ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు ఏమంటారో నాకు తెలుసు, ఇంకెన్నిసార్లు దరఖాస్తు పెడితే మళ్ళీ పిలుస్తారో తెలియదు. కౌంటర్లో పార్సిల్ ఇచ్చేసి, పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా ఆగకుండా ఏడ్చాను.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు గుమ్మంలో ఉంది. నా ముఖం పోల్చుకోవడానికి దగ్గరకి వచ్చింది.

"నా మీద కోపం పోనాదా అమ్మా?"

"పోయిందత్తయ్యా," అన్నాను. అదీ పోలేదు.