అతను పక్కన కూర్చుంటేనే నడిచే ప్రోగ్రాం

ఆ చలికాలమంతా నేను ఇంట్లో అడుగు పెట్టగానే నాన్న అడిగే ప్రశ్న ఒక్కటే.

“ఏటమ్మా, ఇయాలైనా బళ్ళు దొరికినాయా?”

బళ్ళంటే గూడ్సు వాగన్లు. నాన్న బెంగాల్లో, ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఆయన సర్వీసులో ఒక్క వాగను కూడా కనబడకుండా పోలేదని ఆయన గొప్ప. ఆయన కూతురి కంప్యూటర్‌లో మాత్రం రోజూ పోతున్నాయి. ఈ సంగతి ఆయన ఆఫీసులో కూడా చెప్పి నవ్వించేవాడని నాకు తర్వాత తెలిసింది. తెలిసిన రోజున రెండు పూటలు మాట్లాడలేదు.

తొంభైల మధ్య రోజులవి. మా ఊళ్ళోనే హిజ్లీ ఇంజనీరింగు క్యాంపస్‌లో ఒక ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. యార్డులో ఒకరు వాగను నంబరు కొడితే ఆఫీసులో ఇంకొకరి తెర మీద అది కనబడాలి, అదీ ప్రాజెక్టు. మధ్యలో మెసేజ్ క్యూ సర్వర్ అని ఒకటుండేది. పోస్టాఫీసులో ఉత్తరాలు వేసే గూళ్ళుంటాయి చూడండి, దాని పని దాదాపు అదే. ఒక్కో గూటికి ఒక నంబరు. యార్డు వైపు ప్రోగ్రాం ఆ గూట్లో మెసేజీ వేస్తుంది, ఆఫీసు వైపు ప్రోగ్రాం సర్వర్‌తో కనెక్షన్ పెట్టుకుని ఆ నంబరు చెప్పి తీసుకుంటుంది. తీసుకున్నాక గూట్లో ఇక అది ఉండదు. ఈ తీసుకునే ప్రోగ్రాంనే క్లయింటు అంటారు. దాన్ని సి భాషలో రాసింది నేను.

మార్చిలో రివ్యూ. డబ్బిచ్చేవాళ్ళు స్వయంగా వచ్చి చూస్తారు. నా క్లయింటు వాళ్ళ ముందు నడిస్తే నా పోస్టు ఉంటుంది, నడవకపోతే ఆ నెలతో సరి. సరి అంటే ఏమిటో నాన్న ముందే చెప్పేశాడు. ఇందా బజారులో టైపు నేర్చుకుని రైల్వే పరీక్ష రాయాలి. నాకు టైపు మీద కోపం లేదు. కానీ పొద్దున్నే సైకిలెక్కి, పురీ గేటు దగ్గర రైలు పట్టాలు దాటి, ఆ పొడవాటి చెట్ల రోడ్డులో సొంత పని మీద పోవడం అలవాటైపోయింది. దాన్ని వదులుకోమంటే నా ప్రాణం ఒప్పుకోలేదు.

క్లయింటేమో నా మాట వినదు. పోనీ మొండికేసి అసలు పలకకుండా ఉంటే ఒక దారి. అలా కాదు. ‘కనెక్ట్ అయింది’ అని చక్కగా తెర మీద చెబుతుంది. ఒక వాగను వస్తుంది. రెండోది రాదు, మూడోది రాదు, నాలుగోది తీరిగ్గా వస్తుంది. తప్పు జరిగిందన్న సందేశం ఒక్కటీ ఉండదు. కేబుల్ బిగించాను. ప్రోగ్రాంలో కనెక్షన్ తెరిచిన చోట, మూసిన చోట, చదివిన చోట ఏం జరుగుతోందో తెర మీద రాయించాను. రాసినవన్నీ సవ్యంగానే ఉన్నాయి, వాగన్లు మాత్రం లేవు. ఆదివారం వెళ్ళి చూస్తే ఒక్కటి కూడా పోకుండా వచ్చాయి. సోమవారం మళ్ళీ మామూలే. మా సార్‌ని అడిగితే, కనెక్షన్ ఉంటే మెసేజీ పోదు, మెసేజీ పోతే కనెక్షన్ లేనట్టు, మళ్ళీ చూడు అని బెంగాలీ యాస ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోయారు. అది నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం?

ఒకరోజు మధ్యాహ్నం ఒళ్ళు మండి, “ఏటిది నాయనా” అని పైకే అనేశాను. వరండా చివరి గదిలో పనిచేసే రీసెర్చి స్కాలర్ అటుగా పోతూ ఆగాడు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు. తెలుగు వినబడి ఆగానన్నాడు. సంగతి విని, తన గదికి వెళ్ళి నడుస్తున్న తన ప్రోగ్రాం ఆపి, తలుపు వేసి వచ్చాడు. మనిషి లేకుండా ప్రోగ్రాం నడపకూడదని ల్యాబ్‌లో రూలు. నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఏదీ నడపండి అన్నాడు.

నడిపాను. వాగన్లన్నీ వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, బుద్ధిగా.

నాకు తల తీసేసినట్టయింది. ఇంతసేపూ రాలేదండీ, నిజం అంటూ ఏదో గొణిగాను. అతను మర్యాదగా తలూపి వెళ్ళిపోయాడు. కాసేపటికి మళ్ళీ బళ్ళు మాయం. పరుగెత్తుకెళ్ళి పిలుచుకొచ్చాను. అతను కూర్చున్నాడు, బళ్ళు వచ్చాయి. ఆ వారమంతా ఇదే తంతు. అతను వస్తే నడుస్తుంది, వెళ్తే ఆగుతుంది. ఒక దశలో నాకు అతని మీదే కోపం వచ్చింది. నేను అబద్ధాలాడుతున్నానని అనుకుంటున్నాడేమోనని కూడా కుమిలిపోయాను.

అమ్మకు మాత్రం ఇందులో వింతేమీ కనబడలేదు. “కొందరికి హస్తవాసి ఉంటాది. ఆ అబ్బాయిని దగ్గరుంచుకో” అంది, మంచి డాక్టరు గురించి చెప్పినట్టు. కంప్యూటర్ సైన్సు చదివిన నేను దానికి నవ్వాలి. నవ్వలేదు. నమ్మాను. ఇంకో కారణం దొరికి ఉంటే నమ్మేదాన్ని కాదేమో, దొరకలేదు మరి. అతనూ మొదట్లో నవ్వాడు గానీ, పోనుపోను ఆ స్టూలు మీద ఒక హోదాతో కూర్చోవడం మొదలుపెట్టాడు.

అతనికీ ఒక తలనొప్పి ఉంది. అతని థీసిస్సే ఈ సర్వర్ మీద. వరస నంబర్లు వేసి మెసేజీలు పంపి, ఎన్ని చేరాయో, ఎన్ని పోయాయో, ఎన్ని పాడైపోయి వచ్చాయో లెక్కగడుతున్నాడు. సర్వర్ చాలా మెసేజీలు పోగొడుతోందని, కొన్నిటిని గుర్తుపట్టలేనంతగా చెడగొడుతోందని తేల్చి, దాని మీదే మూడో అధ్యాయం రాస్తున్నాడు. క్యాంటీన్ బయట నిలబడి, పొట్లంలో ముడీ అనే మరమరాలు, వాటి మీద చిదిపిన ఆలూ చాప్ బజ్జీ తింటూ ఇద్దరం సర్వర్‌ని తిట్టుకునేవాళ్ళం. సర్వర్ చెడ్డదే అనుకుందాం, మరి మీరు పక్కనుంటే ఎందుకు మంచిదవుతోంది అని నేనడిగేదాన్ని. అక్కడికొచ్చేసరికి ఇద్దరం నమలడం ఆపేవాళ్ళం. చాప్ చల్లారిపోయేది. సమాధానం దొరక్కపోయినా, ఆ నిలబడటం మాత్రం నాకు బాగుండేది.

రివ్యూ రోజు వచ్చింది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు ముగ్గురు. వాళ్ళు దారిలో అతని తెర కూడా చూస్తారు కాబట్టి ఆ ఒక్కరోజు ప్రోగ్రాం ఆపకుండా ఉంచమని సార్ అతనికి చెప్పారట. ఆ మాట నాకు తెలియదు.

‘కనెక్ట్ అయింది’ అని తెర చెప్పింది. మొదటి వాగను వచ్చింది. రెండోది రాలేదు. మూడోదీ రాలేదు. వచ్చినవాళ్ళలో ఒకాయన చేతి గడియారం చూసుకున్నాడు. చెట్ల రోడ్డు, సైకిలు, అన్నీ పోయినట్టే అనిపించింది. అందరూ ఉన్నారని కూడా చూడకుండా అతని వైపు తిరిగి తెలుగులో అడిగేశాను.

“ఇక్కడే ఉన్నారు కదండీ, మరేటైంది?”

అతను నా తెర వైపే చూస్తూ అన్నాడు. “ఈ రోజుకి తేడా ఒక్కటేనండీ. నా ప్రోగ్రాం ఆపకుండా వచ్చాను.”

అంటూనే లేచి తన గదికి పరుగెత్తాడు. తిరిగొచ్చి, ఇప్పుడు పంపండి అన్నాడు. పంపాను. వాగన్లన్నీ వచ్చాయి. వచ్చినవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు గానీ సార్‌కి అయింది. ఇద్దరూ ఏ నంబరు క్యూ వాడుతున్నారని అడిగారు.

నేను చెప్పాను. నాదీ అదేనన్నాడు అతను. వెయ్యిన్నూట పదహారు.

వెయ్యికి పైన ఎవరికిష్టమైన నంబరు వాళ్ళు పెట్టుకోమని సార్ చేరిన మొదట్లో మా ఇద్దరికీ వేరువేరుగా చెప్పారు. పెట్టుకున్నాం. పెళ్ళికి వెళ్ళినా, పురోహితుడికిచ్చినా, మంచి పని ఏదైనా మొదలుపెట్టినా తెలుగువాడి చేతికి వెయ్యి పైన ఇంకే నంబరు వస్తుంది? ఇన్ని నంబర్లుండగా ఇద్దరూ అదే ఎందుకు పెట్టారని సార్ అడిగితే, అది మా వాళ్ళకి మంచి నంబరు సార్ అన్నాం ఇద్దరం ఒకేసారి. వచ్చినవాళ్ళలో ఒకాయన మాత్రం, మా వైపైతే నూట ఒకటి అన్నాడు. సార్ నవ్వలేదు. మిగతా ప్రదర్శన నడిచిపోయింది. నా పోస్టు నిలిచింది.

సాయంత్రం పురీ గేటు పడింది. సైకిల్ పట్టుకుని నిలబడి, ఎదురుగా పోతున్న గూడ్సు వాగన్లు చూస్తుంటే అప్పుడు తట్టింది నాకు. ఒకే గూట్లో ఇద్దరం చెయ్యి పెట్టాం. నా బళ్ళను అతని ప్రోగ్రాం పట్టుకుపోయింది, అవేమిటో తెలియక చెడిపోయిన మెసేజీలని రాసుకుంది. అతని మెసేజీలను నా ప్రోగ్రాం పట్టుకొచ్చి, వాగను నంబర్లు కావు గనక చప్పుడు చేయకుండా పారేసింది. సర్వర్ ఒక్కటీ పోగొట్టలేదు. అతని మూడో అధ్యాయమంతా నేనే. గేటు లేచినా నేను కదల్లేదు. వెనక రిక్షా అతను బెంగాలీలో తిట్టాక కదిలాను.

మర్నాడు వెళ్ళేసరికి అతను మూడో అధ్యాయం కాగితాలు బోర్లించి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. లెక్కలన్నీ మొదటి నుంచీ మళ్ళీ తీయాలి. నాకు ఏడుపొచ్చింది. నా నంబరు మార్చేస్తానండీ అన్నాను.

“వద్దులెండి. ఆ వెయ్యిన్నూటపదహార్లు మీరే ఉంచుకోండి. చదివించాననుకోండి” అన్నాడు. తను ఏదో అందం చందం లేని నంబరు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత నా ప్రోగ్రాం ఎవరూ పక్కన లేకుండానే నడిచింది. పొద్దున నడిచింది, సోమవారం నడిచింది. స్టూలు మీద నేను ఫైళ్ళు పెట్టుకోవడం మొదలుపెట్టాను. అతను మళ్ళీ లెక్కల్లో మునిగిపోయాడు, వరండాలో కనబడితే తలూపేవాడు. ఇంత కష్టపడి బాగుచేసుకున్నది ఇంత చప్పగా ఉందేమిటో నాకు అంతుబట్టలేదు. నాన్న కూడా కనిపెట్టాడు. బళ్ళు దొరికినాయి కదా, మరి ముకమేటి అలాగుంది అన్నాడు. ఎండలు పోయి వానలొచ్చినా ఆ స్టూలు మీద ఫైళ్ళే ఉన్నాయి.

అతని లెక్కలు పూర్తయ్యాయని ల్యాబ్‌లో చెప్పుకున్న వారం అది. మధ్యాహ్నం కూర్చుని ఏదో పరీక్షిస్తున్నాను. ‘కనెక్ట్ అయింది.’ ఒక వాగను వచ్చింది. రెండోది రాలేదు. మూడోది రాలేదు.

అలవాటు కొద్దీ వంగి కేబుల్ బిగించాను. మళ్ళీ పంపాను. రాలేదు. ఇంకోసారి పంపబోయి ఆగిపోయాను. ఆ క్యాంపస్ మొత్తంలో ఆ నంబరు తెలిసినవాళ్ళు, అది పెట్టుకోగలవాళ్ళు ఎంతమంది? పొరపాటో, పిలుపో తేల్చుకోలేక కుర్చీలోంచి లేచి కూర్చుని మళ్ళీ లేచాను.

వరండా చివరికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. అతని తెర మీద నా వాగన్లు వరసగా నిలబడి ఉన్నాయి.

“చదివించేసినారు కదండీ, మళ్ళీ వెనక్కి తీసుకుంటారేటి?” అన్నాను.

పొరపాటున పాత నంబరు పడిందండీ అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా. అతని బల్ల పక్కన, తుడిచిన స్టూలు ఒకటి వేసి ఉంది. అంతకుముందు ఆ గదిలో రెండో స్టూలు నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పటికీ ఆయన అది పొరపాటేనంటారు.