మడతలో మాయమైన మోరీ

పోయిన నెలలో ఒక పొద్దున పాలు తీసుకుని వస్తుంటే, మా వర్తూరు ఇంటి పక్కనున్న ఖాళీ స్థలం ముందు, కరెంటు స్తంభానికి అంటించిన ఒక కాగితం కనిపించింది. ట్యూషన్ల ప్రకటన సగం మింగేసిన ఆ కాగితాన్ని మెడ నొప్పెట్టేదాకా చదివితే తేలిందేమిటంటే, అక్కడ కింద అంగళ్ళు, పైన రెండంతస్తుల ఆఫీసు గదులు కట్టబోతున్నారట, అభ్యంతరాలున్నవాళ్ళు ఫలానా రోజున వచ్చి చెప్పుకోవాలట. ఎవరూ చదవకూడదని అంటించిన కాగితం అది, నాకు తెలియదా!

ప్లానింగ్ ఆఫీసుకు వెళ్ళి ప్లాను చూశాను. ఆ స్థలానికీ వెనకింటి గోడకూ మధ్య ఒక మోరీ ఉంది, పై వీధుల వాననీళ్ళన్నీ అందులోంచే చెరువుకు పోవాలి. ప్లానులో మోరీ లేదు, దాని మీదుగా అంగళ్ళ గోడ ఉంది. వెనకింట్లో ఉండేది గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన చెల్లెమ్మ. మా ఇద్దరిదీ రక్తసంబంధం కాదు గాని అంతకు తక్కువా కాదు. పక్షవాతం వచ్చిన భర్త రెండేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. ఇల్లా, రోడ్డుకన్నా పల్లంలో ఉంది. మోరీ ఉండగానే పోయిన వానల్లో నీళ్ళు గడప దాటాయి, మూసేస్తే ఆ కదలలేని మనిషిని ఎత్తుకుని ఆవిడ ఒక్కతే ఎక్కడికి పరుగెత్తాలి?

మా రోజుల్లో ఇలా కాదు అంటే ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, మీరు నవ్వరని చెబుతున్నాను. ఊరి అంచున ఒక చిన్న ప్లానింగ్ ఆఫీసులో ట్రేసరుగా చేరాను నేను. పాత సర్వే పటం మీద ట్రేసింగు గుడ్డ పరిచి, ఇంకు పెన్నుతో గీతకు గీత ఎక్కించడమే పని, చెమటచుక్క పడితే రోజంతా వృథా. అయితే అసలు పరీక్ష కాగితం మీద కాదు. రెండు అంగళ్ళు కట్టుకోవాలన్నా సరే, కట్టేవాడు ముందు ఆ స్థలంలో కట్టడమెంతో అంత మేర ముగ్గు పోయించి, మూలల్లో వెదుళ్ళు పాతాలి. అప్పుడు మా పెద్దసారూ కమిటీవాళ్ళూ వచ్చి ఆ ముగ్గు చుట్టూ నడిచేవారు, చుట్టుపక్కలవాళ్ళు గట్టున నిలబడి ఉన్నదున్నట్టు కడిగేసేవారు. ప్లాను చదవడం రానివాళ్ళకు కూడా ముగ్గు అర్థమవుతుంది కదా.

ఒకసారి నేను గీసిన పటం పట్టుకుని అలాగే వెళ్ళాం. అంతా అయిపోయి జీపు ఎక్కబోతుంటే, ఎనుములు తోలుకొస్తున్న ఒక ముసలమ్మ ఆగి, కట్టెతో ముగ్గు మీద కొట్టి, "ఈడ మోరీ ఉండాది గదప్పా, యాడ పెడతారు దాన్ని, మీ నెత్తిన పెట్టుకుంటారా?" అంది. పాత పటం సరిగ్గా ఆ మోరీ గీత వెంబడే మడత పడి అరిగిపోతే, నేను గీతను మడత అనుకుని వదిలేశాను. పెద్దసారు నన్ను ఒక్క మాట తిట్టలేదు, ప్యాంటు మడిచి మోరీలో దిగమన్నారు. ఎగువ నుంచి చెరువుదాకా మోకాటి లోతు బురదలో నడిచి, మళ్ళీ కొలిచి, మళ్ళీ గీశాను. కట్టేవాడు గొణిగాడు, అయినా అంగళ్ళు వెనక్కి జరిగాయి. ఆ ముసలమ్మ పేరు కూడా ఎవరం అడగలేదు, మాట మాత్రం విన్నాం.

అందుకే అభ్యంతరాలు చెప్పుకునే రోజున చెల్లెమ్మను వెంటబెట్టుకుని ధైర్యంగా వెళ్ళాను. చల్లటి గది, గోడ మీద తెర, తెర మీద రంగురంగుల కట్టడం, ముందు ఎన్నడూ లేని చెట్లు కూడా! మోరీ సంగతి చెప్పాను. ఆఫీసరు మనవడి వయసువాడు, మర్యాదకు లోటు లేదు, నాకు కుర్చీ కూడా వేయించాడు. "అంకుల్, డ్రాయింగ్‌లో డ్రెయిన్ చూపించలేదు కదా, మా రికార్డు ప్రకారం అక్కడ ఏమీ లేనట్టే" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీ రికార్డు చూసుకుని కురుస్తుందా వాన, బండెక్కితే పది నిమిషాలు, వచ్చి చూడండి అని అరిచాను. సైటుకు రావడం ప్రొసీజరులో లేదట! చెల్లెమ్మ చెయ్యెత్తి నిలబడే ఉంది. ఆవిడ నోరు తెరిచేలోపే తెర మీదికి ఇంకొకరి కట్టడం వచ్చేసింది. మర్నాడు అనుమతి ఇచ్చేశారు, కింద ఒక వాక్యం: అభ్యంతరాలు పరిశీలించబడినవి. చూడనివాళ్ళు పరిశీలించారట, సిగ్గులేకపోతే సరి!

పైకి రాసుకుంటాను, వదలను. కాని పైవాళ్ళ జవాబుకన్నా వాన ముందొస్తుందని నాకూ తెలుసు, చెల్లెమ్మకూ తెలుసు. ఒకప్పుడు ఎనుముల వెంట పోయే ముసలమ్మ అడిగిన ఒక్క ప్రశ్నకు సర్కారు ఉద్యోగులం బురదలో దిగాం. నీళ్ళు ఎవరింట్లోకి ఎంత ఎత్తున వస్తాయో ముందుగా లెక్క చూడడం అప్పుడు మా పని. నిన్న సాయంత్రం వెళ్ళేసరికి చెల్లెమ్మ నేల మీద కూర్చుని, ఆయన మంచం కోళ్ళ కింద ఇటుకలు పేరుస్తోంది. "మూడు వరసలు చాలా అన్నయ్యా?" అని అడిగింది. నాలుగు పెట్టమన్నాను.