నాయనమ్మ కారు కింద దూరిన రోజు

నా చిన్నప్పుడు మా బాబాయికి కారు పిచ్చి పట్టింది. పెద్దాపురంలో ఒక మిల్లు ఆసామి షెడ్డులో తాతల కాలం నాటి నల్ల కారు ఉందని, దాన్ని బాగు చేయించి పెళ్లిళ్లకు తిప్పితే ఇక సముద్రం మీద చేపల వేటకు వెళ్లే పనే ఉండదని ఇంట్లో ఒకటే పోరు. అందుకోసం పడవలో తన వాటా అమ్మేస్తానన్నాడు. ఆ వాటా తప్ప అతనికి వేరే ఆధారం లేదు.

సరే, చూసొద్దాం పద, అంది మా నాయనమ్మ. ఆవిడకు కార్ల సంగతి ఏం తెలుసని లోపల నవ్వుకుంటూనే బాబాయి బయల్దేరాడు. నన్నూ వెంట తీసుకెళ్లారు.

కారు బాగుందనే చెప్పాలి. గుండ్రటి దీపాలు, కొత్తగా వేయించిన రంగు. సీట్లు చిరిగాయి, తలుపు ఒకటి సరిగా పడదు. అవన్నీ ఆసామి తనంతట తానే చూపించాడు. ఇంజను స్టార్ట్ చేసి వినిపించాడు కూడా. బాబాయి బానెట్టు మీద నుంచి చెయ్యి తీస్తే ఒట్టు!

నాయనమ్మ అవేవీ చూడలేదు. కొంగు నడుముకు బిగించి, నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందకు దూరింది. అరవై దాటిన మనిషి. పడవ కొనేటప్పుడు మావాళ్లు ముందు చూసేది అడుగునే, ఆవిడకు తెలిసిన పద్ధతి అదొక్కటే. నేనూ పక్కనే దూరాను. అడుగంతా నున్నగా తారు పూసి ఉంది. ఆవిడ కొప్పులోంచి పిన్ను తీసి ఒకచోట గుచ్చితే అది మొత్తం దిగిపోయింది. లాగితే దాని వెంట కొబ్బరి పీచు ఊడి వచ్చింది.

"బాబుగారూ, అడుగంతా తుప్పు తినేసిందండి. చిల్లుల్లో పీచు కుక్కి తారు పూశారు," అంది బయటికొచ్చి, చాలా మామూలుగా. "సీట్లదేముందండి, కుట్టించుకుంటాం. అడుగే పోయాక ఇంక కారెక్కడిదండి? ఇనుము ధరకైతే చెప్పండి."

ఆసామి మొహం మాడిపోయింది. బేరం అక్కడితో ఆగిపోయింది.

తిరుగు బస్సులో బాబాయికి ఏడుపొక్కటే తక్కువ. చివరికి, "నీకెలా తెలిసిందే అమ్మా?" అన్నాడు.

"నేనూ అలాగే అమ్మానురా, మీ నాన్న పోయిన ఏడు, మన పాత పడవ," అంది నాయనమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ. "కొన్నోడు పిల్లలున్నోడు. దాన్నేసుకుని వేటకెళ్లి, వాడు మళ్లీ ఒడ్డుకొచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. వచ్చాడు, ఇంటిమీదకొచ్చి తిట్టాడు. వాడు తిడతా ఉంటే ఎంత హాయిగా ఉందనుకున్నావ్!"

బాబాయి వాటా అమ్మలేదు. ఆ కారు ఏమైందో నాకు తెలియదు.

నాకిప్పుడు అప్పటి ఆవిడ వయసు. కొనేటప్పుడు అడుగు చూసే నేర్పు నాకు అబ్బలేదు, చాలాసార్లు మోసపోయాను. అమ్మేటప్పుడు మాత్రం నోరు ఆగదు. మొన్న మా పాత ఫ్రిజ్ కోసం వచ్చిన అమ్మాయికి కంప్రెసర్ పోయేలా ఉందని అడక్కముందే చెప్పేశాను. నీకెందుకమ్మా ఇవన్నీ అని మా అబ్బాయి విసుక్కున్నాడు. విసుక్కోనీ. ఎవరో క్షేమంగా తిరిగొచ్చి నన్ను తిట్టాలని ఎదురుచూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.