తబితా టీచర్ చుట్టిన దారం

జమ్మలమడుగు మిషన్ బడిలో తబితా మా డ్రిల్లు టీచర్. షటిల్ బ్యాటు విరిగితే మమ్మల్ని నాలుగు తిట్టి, మగ్గం దారం బిగించి చుట్టి, సాయంత్రానికి మళ్లీ ఆడిచ్చేది. ఆ బ్యాట్లతోనే మేం పెరిగినాం.

ఆమె రిటైరైనాక, కువైట్లో నర్సుగా ఉండే వాళ్ల చెల్లెలు టీచర్‌కు కొత్త బ్యాటు తెచ్చింది. రెండోనాడే ఫ్రేము పగిలింది. టీచర్ పంపిన ఫోటోలను సరిగ్గా చూడకుండానే, బ్యాటు మార్చియ్యమని నేను కంపెనీకి పంపినా. రిపేరు చేసిన బ్యాటుకు వారంటీ చెల్లదన్నారు, మాయదారోళ్లు! ఫోటో చూస్తే, పగులు చుట్టూ అదే మగ్గం దారం.

చర్చి వెనక షటిల్ కోర్టు కాడికి పోయి, "రెండు దినాలు ఆగలేకపోయినారా టీచర్?" అని అరిచినా.

"విరిగినదాన్ని చూస్తా ఊరికే కూచోమంటావేంరా?" అని నాకంటే గట్టిగా అరిచి, ఆ బ్యాటే చేతికి తీసుకొని, "పో, నెట్టు అవతల నిలబడు" అనింది.

పోయి నిలబడినా.