రాఘవమ్మ చెయ్యి

తెనాలిలో విగ్రహాలు చేసే మా పొరుగింటి అబ్దుల్ షుకూర్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. రంగు ఆరని బొమ్మను ఎవరైనా వేలితో ముట్టుకుంటే చాలు, షెడ్డు అదిరేలా కేకలేస్తాడు. నేను బడిపంతుల్ని, వయసులో పెద్దవాణ్ణి. అయినా నాకూ రెండుసార్లు పడ్డాయి.

అతని పనిలో ఒక సులువుంది. ఒంటికి ఒకటే మౌల్డు, ఎత్తిన చేత్తో సహా. ఏ నాయకుడి విగ్రహమైనా తల మాత్రం మారుస్తాడు. నాయకులు మాత్రం ఒకరికొకరు వేరుగా ఉంటారా ఏం, నేనేమీ తప్పుపట్టను.

2007లో రేపల్లె అవతల, సముద్రం దగ్గరి ఊరివాళ్లు కొందరు వచ్చారు. డెబ్బై ఏడు ఉప్పెనకు ముప్పై ఏళ్లు నిండే నవంబరు పంతొమ్మిదిన, పోయినవాళ్ల గుర్తుగా విగ్రహం నిలపాలన్నారు. షుకూర్ అలవాటుకొద్దీ అదే మౌల్డు తీసి, చీర కట్టించి, దీవించే తల్లిని తయారుచేశాడు. ఆ తేదీకి ఇరవై రోజుల ముందు బొమ్మను చూడ్డానికి వచ్చినవాళ్లలో రాఘవమ్మ ఉంది. ఉప్పెనలో నాలుగేళ్ల కూతుర్ని పోగొట్టుకున్న మనిషి. శవం కూడా దొరకలేదు.

"బాగుందండి. కానీ ఈవిడ మా ఊరి మనిషి కాదండి," అంది.

"ఏంటమ్మా లోపం?" షుకూర్ గొంతు పెంచాడు.

"ఆ రోజు చెయ్యెత్తి దీవించే తీరిక ఎవరికుందండి? ఇలా ఉన్నాం."

షెడ్డు స్తంభాన్ని ఎడమ చేత్తో కావలించుకుని, చెంప ఆనించి, కుడి చెయ్యి చాచింది. ఎడమ చేతికి ఆ రోజు తాటిచెట్టు దక్కింది. కుడి చేతిలోంచి పిల్ల జారిపోయింది. ఆమె ఏడవలేదు. ఏడ్చింది నేనే, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

షుకూర్ ఆ తల్లి బొమ్మను మూలకు నెట్టాడు. రాఘవమ్మ చేతులకే ప్లాస్టర్ పోసి అచ్చు తీశాడు. రోజులు చాలవని భార్య హలీమా గొణిగితే, "కాకపోతే షెడ్డు మూసేస్తా," అన్నాడు.

షుకూర్‌తో పాటు నేనూ ఆ ఊరు వెళ్లాను. పంతొమ్మిది ఉదయం అక్కడ లారీ దిగింది విగ్రహం: తాటిమొద్దు, దాన్ని కరుచుకున్న ఆడమనిషి, చాచిన ఖాళీ అరచెయ్యి. కంచు రంగు ఇంకా తడిగానే ఉంది. ముసుగు తీయగానే రాఘవమ్మ నేరుగా వెళ్లి ఆ అరచేతిలో తన చెయ్యి పెట్టింది. కేక పడుతుందని షుకూర్ వైపు చూశాను. పడలేదు.

"ఇన్నాళ్లకి పట్టుకున్నానే తల్లీ," అంది రాఘవమ్మ కూతురితో అన్నట్టే, అందరికీ వినపడేలా.

ఆమె వెనక ఊరంతా వరస కట్టింది. పోయినవాళ్ల పేరు చెప్పి మరీ ఆ చెయ్యి పట్టుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఇళ్లలో ఎత్తని పేర్లు మైకు లేకుండానే వీధి చివరిదాకా వినిపించాయి. మధ్యాహ్నానికి ఊళ్లో ప్రతి అరచేతికీ కంచు రంగే.

"రంగంతా పోయిందయ్యా, ఎవర్నీ తిట్టవేం?" అని ఆటపట్టించాను.

"ముట్టుకోవాలనే కదా మాస్టారూ చేసింది," అని షుకూర్ తనూ వెళ్లి వరస చివర నిలబడ్డాడు.