మా ఓనరమ్మకు సరిపోయే ఇంగ్లీషు మాట

మొన్న ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే, నా జుట్టు చూసి ఒకాయన లేచి సీటిచ్చాడు. పక్కన ఇద్దరమ్మాయిలు ఏదో పోటీ పరీక్షకు ఇంగ్లీషు మాటలు అప్పజెప్పుకుంటున్నారు. "ప్లేకబుల్ అంటే?" అని ఒకామె అడిగింది. "తొందరగ శాంతించేటోళ్లు" అంది రెండో ఆమె. "గసుంటోళ్లు ఎవలుంటరే? మా మమ్మీ అయితే పక్కా ఇంప్లేకబుల్!" ఇద్దరూ పగలబడి నవ్వారు. ఉంటారమ్మా, అలాంటావిడ ఇంట్లో నేను కిరాయికున్నాను అని చెబుదామనుకునేలోగా దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది, వాళ్ళు దిగిపోయారు. నేనూ అక్కడే దిగాలి. కానీ జవాబు కూర్చుకుంటూ కూర్చుండిపోయి తర్వాతి స్టేషన్‌లో దిగాను. ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పినవాడికి సమయానికి మాట రాకపోవడం కొత్తేమీ కాదు.

ఆ రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాణ్ణి. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళం. కాపురం కొత్తపేటలో, ఒక పాత ఇంటి మేడమీద రెండు గదుల్లో. కింద ఓనరమ్మ ఒక్కతే ఉండేది. చుట్టూ ఉన్న కాలనీలన్నీ జొన్నచేలుగా ఉన్నప్పటినుంచీ వాళ్ళది ఆ ఊరే. ఆవిడ కోపం పాలపొంగు. గేటుకు అడ్డంగా బండి పెట్టినవాణ్ణి ఏడు తరాల దాకా కడిగేసేది. వాడు "తప్పైంది పెద్దమ్మా" అన్నాడో లేదో, "ఎండల వడి వచ్చినవ్, నీళ్లు దాగుతవా కొడుకా" అనేది. అలలాగా వచ్చి అలలాగా పోయేది కాబట్టే దాన్ని అలక అన్నారేమో అని మా ఆవిడతో అంటే, "మీ పాండిత్యం క్లాసులో చూపించండి, ముందు ఆ బియ్యం ఏరిపెట్టండి" అనేది. ఆవిడకప్పుడు ఎనిమిదో నెల. మంచం దిగొద్దనీ, ప్రయాణం అసలే వద్దనీ డాక్టరమ్మ చెప్పింది. అందుకే పుట్టింటికి కూడా పంపలేకపోయాను. వంటా వార్పూ నావే.

ఎండాకాలం చివర్లో ఒకనాడు ఓనరమ్మ డాబా నిండా గుమ్మడి ఒడియాలు ఎండబెట్టి, దవాఖానకు పోతూ మెట్ల దగ్గర నిలబడి కేకేసింది. "సారూ, జర మొగులు వట్టినట్టున్నది. చినుకు వడితే ఒడియాలు లోపటికి తీస్తవా?" తప్పకుండా అన్నాను. మెట్లగది రేకు కింద కుర్చీ వేసుకుని మర్నాటి పాఠం రాసుకుంటున్నాను. ఆ పాఠం, నా కర్మ కొద్దీ, కోపం చల్లారడానికి ఇంగ్లీషులో ఉన్న మాటల గురించే. అపీజ్‌లో ఉన్నది పీస్, అంటే శాంతి. మాలిఫై లాటిన్‌లో మెత్తబడటం నుంచి పుట్టింది. ప్లేకబుల్‌కూ, మనం రోజుకు పదిసార్లు వాడే ప్లీజ్‌కూ చుట్టరికం ఉంది. మొదట్లో దాని అర్థం చదును కావడమేనని, అంటే అలలు అణగిన నీళ్ళలాగా ఉండటమని, కొందరు పండితులు ఊహిస్తారు. ఎగ్జోరబుల్ అనే మాట కూడా ఒకటుంది, బతిమాలితే కరిగేవాడు అని. దాన్ని ఎవరూ వాడరు. ఇనెగ్జోరబుల్ మాత్రం పేపర్లలో కనబడుతూనే ఉంటుంది. కరగనివాళ్ళ పేరు లోకమంతా తిరుగుతుంటే, కరిగేవాళ్ళ పేరు నిఘంటువులో మూలన పడి ఉండటం ఎంత అన్యాయం అని నేను ఆవేదనతో రాసుకుంటున్నాను. ఆ ఆవేదనలో వాన వచ్చి వెలిసింది. ఒడియాలు మాత్రం లాటిన్ అర్థంలో మెత్తబడ్డాయి.

ఓనరమ్మ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "ఏం సదువు సారూ నీది? నెత్తి మీద రేకు దడదడ మోగుతుంటె గూడ ఇనవడలేదా? పక్కింటామె, నేను రెండొద్దులు గూసోని పెట్టినం!" నేను సారీ అన్నాను. ఆవిడ విననట్టే దిగిపోయింది. గంట తర్వాత పక్కింటి ఆవిడ చేతికిచ్చి, స్టీలు గిన్నెలో మామిడికాయ పప్పు పైకి పంపింది, కడుపుతో ఉన్న పిల్ల తింటుందని. మా ఆవిడ కళ్ళు మూసుకుని తింది. నేను ఆ గిన్నెను రెండుసార్లు తోమి, తళతళా తుడిచి, సాయంత్రం కిందకు తీసుకెళ్ళాను. ఓనరమ్మ లేకపోతే గడప మీద పెట్టి వచ్చేశాను. ఇంత శుభ్రమైన కిరాయిదారు ఆవిడకు ఎక్కడ దొరుకుతాడని కాస్త గర్వపడ్డాను కూడా.

తెల్లారి ఆవిడ మెట్ల కిందనుంచే, నా మొహం చూడకుండా అంది: "ఇగ మీరు వేరే ఇల్లు జూసుకోర్రి. గీ నెల దాటినంక ఉండొద్దు."

మంచం దిగకూడని మనిషిని పెట్టుకుని నేను ఇల్లెక్కడ వెతకను? ఎవరిస్తారు? పైకి వెళ్ళి చెబితే మా ఆవిడ ఒక్క ప్రశ్నే వేసింది.

"గిన్నెలో ఏం పెట్టి ఇచ్చారు?"

"ఏం పెట్టాలి? తోమి ఇచ్చాను."

"అయ్యో రాత! ఉత్త గిన్నె గడప మీద పెట్టొచ్చారా? చిటికెడు పంచదారైనా వెయ్యకుండా? ఇక మీ ఇంటి గిన్నె మా ఇంటికి రానక్కర్లేదని మొహం మీద చెప్పినట్టండీ అది. ఆవిడే తగ్గి పప్పు పంపితే!"

అది నాకు తెలియని సంగతి కాదు. మా అమ్మ ఏనాడూ పొరుగు గిన్నె ఖాళీగా పంపలేదు, ఏమీ లేకపోతే నాలుగు ఉప్పురాళ్ళయినా వేసేది. కానీ ఆ ఖాతా అంతా ఆడవాళ్ళదనుకుని నేనెప్పుడూ పట్టించుకోలేదు. కిందకు వెళ్ళాను. దారిలో ఒక క్షమాపణ ప్రసంగం తయారుచేసుకున్నాను. ఆవిడ ఎదురుగా నిలబడేసరికి అందులో ఒక్క ముక్కా మిగల్లేదు.

"పెద్దమ్మా, నిన్నటి గిన్నె ఒక్కసారి ఇస్తారా?"

"ఇల్లు ఖాళీ చెయ్యమంటే గిన్నె అడుగుతడేంది గీ మనిషి!" అంది గానీ, ఇచ్చింది. పరుగున పైకి వచ్చి, డబ్బాలో ఉన్న పంచదారంతా అందులో వంచి, దులుపుకుంటూ తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. పెదవి బిగబట్టింది. ఆగలేక నవ్వేసింది.

"గిన్ని దినాలకు తెలిసిందా సారూ? మీ ఇంట్ల చాయకన్న ఉంచుకున్నవా లేదా?"

"లేదు పెద్దమ్మా."

"మరి తెల్వి ఏడికి వోయింది?" సగం పంచదార ఒక కాగితంలో పొట్లం కట్టి నాకే ఇచ్చింది. "చక్కెరకు కరిగిందనుకోకు. పప్పు పంపిననాడే నా కోపం వోయింది. దాన్ని ఇంక పట్టుకొని గుంజింది నువ్వే. పో, పిల్లకు చాయ వెట్టు."

ఆ పొట్లం పట్టుకుని మెట్లెక్కుతుంటే నాకు అర్థమైంది, నా పాఠంలో ఉన్న మాటలన్నీ శాంతింపజేసేవాడి గొప్ప గురించే అనుకున్నానని. నిజానికి దారిలో ముప్పాతిక వంతు ఆవిడే నడిచి వచ్చేసింది. నేను చెయ్యాల్సిందల్లా తలుపు తియ్యడం. అదీ రెండోసారికి గానీ చేతకాలేదు. నొప్పులు మొదలైన మధ్యాహ్నం ఆటోలో మా ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది ఓనరమ్మే. మా అమ్మాయికి మొదటి నీళ్ళు పోసింది ఆవిడ చేతులే. ఆ ఇంట్లో మేం పదకొండేళ్ళున్నాం. ఆ పదకొండేళ్ళలో ఆవిడ నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమన్న సందర్భాలు ఇంకో నాలుగైదు ఉంటాయి. ఏదీ పూట దాటలేదు.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఇంకొన్నాళ్ళు ఉండమని మేమంతా దవాఖానలో ఎంత బతిమాలామో! ఎంత బతిమాలినా కరగనిది కాలం ఒక్కటే. అది ముందుగా తెలుసుకున్నవాళ్ళే, బహుశా, మనుషుల దగ్గర అంత తొందరగా కరిగిపోతారు.