బొంతల గుంపులో నా నోరు

ఈ పొద్దు కాఫీ పెట్టుకుంటుంటే ఫోన్ మోగింది. చూస్తే మా బొంతల గుంపులో ఎవరో కొత్తావిడ తను కుట్టిన బొంత ఫోటో పెట్టి, బాగోలేకపోతే తిట్టండమ్మా అని అడిగింది. తిట్టమని అడిగే కాలం వచ్చిందంటే అది నా నోటి పుణ్యమే, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు, అందుకని గుంపులో గొంతుతోనే మాట్లాడతాను. ఆయన పోయాక మదనపల్లె ఇంట్లో పలకరించే మనిషి లేక గోడలు చూస్తూ కూర్చున్న నన్ను అందులో చేర్చింది పుంగనూరు దర్జీ ఇంటావిడ. గుంపు నడిపేది ఆమే, ఉర్దూలో అక్క అన్నట్టు అందరం ఆపా అంటాం. పాత చీరలతో బొంతలు కుట్టే ఆడవాళ్లం, ఆపాను తప్పిస్తే ఒకరి మొహం ఒకరం ఎరగం. ఎవరేం పెట్టినా పూలు, చప్పట్ల బొమ్మలే.

నా చిన్నప్పుడు పెద్దమండ్యంలో అలా కాదు. చెనక్కాయల పని అయ్యాక మా అమ్మ, పెద్దమ్మ, పక్కింటివాళ్లు వాకిట్లో బొంత పరిచి నాలుగు పక్కలా కూర్చుని, ఊరి సంగతులన్నీ చెప్పుకుంటూ కుట్టేవాళ్లు. చూడవచ్చిన చుట్టం సరదాకి రెండు కుట్లు వంకరగా వేసినా బాగుందని చెప్పి పంపేవాళ్లు గానీ, నా కుట్టు వంకరపోతే పెద్దమ్మ దారం పళ్లతో కొరికి లాగేసేది. నేను ఏడిస్తే, "యాల ఏడస్తావే? మనదానివి గాబట్టే ఇప్పినా" అనేది.

ఆమధ్య, గుంపులో నేను వదినా అని పిలిచే కుప్పం ఆవిడ, పుట్టబోయే మనవడికని కుట్టిన బొంత ఫోటో పెట్టి, పాత చీరల నడుమ అంగట్లో తెచ్చిన కొత్త గుడ్డ వేశానని మురిపెంగా చెప్పింది. అందరూ పూలు పెట్టారు. నేను మాత్రం, "వదినా, ఆ కొత్త గుడ్డ ఇప్పెయ్. ఉతికితే ముడుక్కుంటాది, బిడ్డకు ఒత్తుకుంటాది" అనేశాను. ఆపా ఫోన్ చేసి, "నీ నోటికి తాళమెయ్యాలక్కా, నిన్ను తీసెయ్యమంటాండారు" అంది. తీసేస్తే నాకు మళ్లీ ఆ గోడలే. భయమేసింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు. అబద్ధమాడి నిలబడేదానికి నేనేం చుట్టపుచూపుగా చేరానా?

కుప్పం నుంచి చాన్నాళ్లు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒక పొద్దున చూస్తే, వదిన పుంగనూరులో ఆపాను కూడా బస్సెక్కించుకుని, బొంత ఉన్న సంచితో నా గడప ముందు నిలబడి ఉంది.

"గొంతు ఇని ఎంత లావుంటావో అనుకుంటి, ఇంతే ఉండావే! ఇప్పమంటివి గదా, నువ్వే ఇప్పు."

ముగ్గురం కూర్చుని విప్పాం. నడుమ వేయడానికి ఎన్నో ఉతుకులు తిన్న నా నూలు చీర ఇచ్చాను. ఆ పొద్దుతో మాది అసలైన సంఘమైందని నేనంటాను.

అయినా ఒక వెలితి ఉంది. అప్పట్లో మా వాకిట్లో అలిగిన మనిషి వీపు తిప్పి కూర్చున్నా కళ్లెదుటే ఉండేది, కాసేపటికి తనే సూది అందుకునేది. ఇప్పుడు అలిగిన మనిషి కుప్పంలో ఉంటుంది; ఆమె మళ్లీ సూది పట్టిందో లేదో తెలియాలంటే, బస్సు వచ్చేదాకా ఆగాలి.